లైటు పట్టిన చెయ్యి

పెళ్ళిళ్ళకు చుట్టాలు రావడం మానేసి చాలా ఏళ్ళయింది. రానివాళ్ళను కూడా పాత ఫొటోల్లోంచి వెతికి తెచ్చి కొత్త ఫొటోలో నిలబెట్టే కెమెరాలు వచ్చాక, ప్రయాణాలెవరు పెట్టుకుంటారు? ఆ కెమెరా లేని ఫొటోగ్రాఫర్ పైడిరాజును పిలిచేవాళ్ళే కరువయ్యారు. అందుకే విశాఖలో ఆ కెమెరాలు అమ్మే ఎగ్జిబిషన్ పెట్టారని తెలిసి, తను తీసిన ముప్పయ్యేళ్ళ పెళ్ళి ఫొటోలన్నీ డిస్కులో వేసుకుని వెళ్ళాడు.

స్టాల్లో అమ్మాయి డిస్కు అందుకుంది. "ట్రయల్‌కి మీ పక్కన ఎవరుండాలి అంకుల్?"

"మా ఇంటావిడ నూకరత్నం. పోయి మూడేళ్ళయిందమ్మా."

"ఆవిడ ఫొటోలు ఇందులో ఉన్నాయా?"

పైడిరాజు తల గోక్కున్నాడు. "రేపు తీద్దాంలే అనీవోణ్ణి. ప్రతి పెళ్ళిలోనూ నా పక్కన లైటు పట్టుకునీది మాత్రం అదే."

"అయితే ఎక్కడో పడే ఉంటారు. కెమెరా వెతుక్కుంటుంది, నిలబడండి."

పక్కన ఒక మనిషికి చోటు వదిలి నిలబడ్డాడు. ఇన్నాళ్ళూ అందరికీ చెప్పినట్టే, గడ్డం తనే కొంచెం దించుకున్నాడు.

కెమెరా ముప్పయ్యేళ్ళూ గాలించింది. నూకరత్నం ఫ్రేములోకి వచ్చిన ప్రతిసారీ అతనే కత్తిరించేశాడు. పెళ్ళి ఫొటోలో పనివాళ్ళు కనపడకూడదు కదా. ఒక్కదాంట్లో మాత్రం చూసుకోలేదు.

తెరమీద బొమ్మ తేలింది. వదిలిన చోటు ఖాళీగానే ఉంది. ఆ అంచునుంచి ఆకుపచ్చ గాజుల చెయ్యి ఒకటి లోపలికి వచ్చి, అతని ముఖానికి లైటు పడుతోంది.

"అయ్యో, ఎవరిదో చెయ్యి పడిందంకుల్. కట్ చేసేయనా?"

"వద్దమ్మా," అన్నాడు పైడిరాజు. "ఈసారికి ఉండనీ."