పదింటికి గడియార స్తంభం కింద

"నాలుగంతస్తులూ దిగానమ్మాయ్! వీధి తలుపు దాకా వెళ్లొచ్చాను!"

హెడ్‌ఫోన్‌లో ఆ కేక వినగానే ఆమె కుర్చీలోంచి సగం లేచింది. వైరు వెనక్కి లాగి కూర్చోబెట్టింది.

"నిజంగానా బాబాయ్ గారూ?"

"నా మోకాళ్లనడుగు, అవే చెబుతాయి."

ఆమె పకపకా నవ్వింది. అటూ ఇటూ అమ్మాయిలు తలలు తిప్పి చూశారు. పెళ్లయి పంతొమ్మిది రోజులు. ఏం చూసినా నవ్వొస్తోంది. కొత్త ఉంగరం కీబోర్డు మీద టిక్కుమన్నా నవ్వొస్తోంది.

నవ్వు రావాల్సిన చోటు మాత్రం కాదది. నగర సమాచార కేంద్రం. కిటికీ లేని హాలు, బీరువా అరల్లాంటి గదులు. మంచినీళ్లకు లేవాలన్నా చెయ్యెత్తి అడగాలి. ఏ ట్రాము ఎక్కాలి, మ్యూజియం ఎన్నింటికి మూస్తారు, సరస్సులో పడవలున్నాయా అని జనం ఫోన్ చేస్తారు. ఆమె చెబుతుంది. "అక్కడ" అనకూడదని ఆఫీసు నియమం. "ఇక్కడ" అనాలి. అలా అంటే ఆప్యాయంగా ఉంటుందట.

ఆ ఊరి సందుగొందులన్నీ ఆమెకు కొట్టినపిండి. ఎవరు దొరికినా కబుర్లు పెట్టేసుకుంటుంది. పడవలకు ఈ ఏడు పసుపు రంగు ఎందుకేశారో పడవవాణ్ణే అడిగి తెలుసుకుంది. ఆ డబ్బాలే చవగ్గా దొరికాయట. మ్యూజియం కాపలాదారుడు ముప్పై ఏళ్లుగా ఒకే రాణీగారి బొమ్మకు ఎదురుగా కూర్చుంటున్నాడు. "మా ఇంటావిడ కంటే ఈవిడ్నే ఎక్కువ చూశానమ్మా" అని వాపోయాడు.

బాబాయ్ గారు తాళాల మేస్త్రీ. మూడు నెలల కిందట ఫోన్ చేసి, సరస్సుకు ఏ ట్రాము వెళ్తుందని అడిగాడు. మర్నాడూ అదే ప్రశ్న. ఆ మర్నాడూ అదే. పదో రోజుకు ఆమెకు అర్థమైంది. భార్య పోయిన రెండేళ్లుగా ఆయన ఇల్లు కదల్లేదు. సరుకులు కూడా బుట్టకు తాడు కట్టి పైకి లాక్కుంటాడు.

"ఊరందరి తాళాలూ తీశానమ్మాయ్. నా తలుపు దగ్గరే చెయ్యి వణుకుతోంది" అన్నాడొకసారి.

అప్పట్నుంచి రోజూ కాస్త కాస్త నడిపిస్తోంది. ఇవాళ గడియ తీయండి చాలు. ఇవాళ ఒక్క మెట్టు. ఒక్కటంటే ఒక్కటే. అలా అలా ఇవాళ్టికి నాలుగంతస్తులు.

"ఇంకేం, రేపు వీధిలోకే!" అంది.

"వస్తాను. కానీ ఒక షరతు. పదింటికి గడియార స్తంభం కింద నువ్వు నిలబడి ఉండాలి. అంత జనంలో తెలిసిన మనిషి ఒక్కరైనా లేకపోతే నావల్ల కాదు."

ఆమె నవ్వు ఆగిపోయింది.

"నేనా?"

"ఇంకెవరు? ఊళ్లో ఉండి ఓ పది నిమిషాలు రాలేవా? నువ్వు రాలేదనుకో, మళ్లీ తలుపేసుకుంటాను. ఇక ఫోన్ కూడా చెయ్యను. ముసలాడి మొండితనం అనుకో, ఏమైనా అనుకో."

అద్దం వెనక సూపర్‌వైజరు రెండు చేతులూ అడ్డంగా ఊపుతోంది. ప్రతి ఫోనూ వింటుంది కనక చాటుగా అందరూ చెవులమ్మ అంటారు. ఫోన్ చేసినవాళ్లను కలవకూడదని గోడ మీద పెద్దక్షరాలతో రాసి పెట్టారు. కిందటేడు ఒకమ్మాయి ఉద్యోగం అలాగే పోయింది.

రానంటే ఆ తలుపు మూసుకోవడం ఫోన్లోంచే వినపడుతుంది. వస్తానంటే అద్దం వెనక ఆ చేతులు. గది గోడలు రెండు వైపులా భుజాలకు తగులుతున్నట్టనిపించింది.

"ఏ రంగు బట్టలేసుకొస్తారు?" అంది చివరికి.

"బూడిదరంగు కోటు. మరి నువ్వో?"

"నీలం చీర. పక్కన పొడుగ్గా ఒకాయన ఉంటాడు. మా ఆయన."

"అల్లుడా! తాళం సరిగ్గా వేస్తాడా, లేదా?"

"డబ్బా మూతే సరిగ్గా పెట్టడు బాబాయ్ గారూ."

అటువైపు నవ్వు. ఫోన్ పెట్టేశాడు. చెవులమ్మ వచ్చి నెత్తిన నిలబడింది.

"మతుండే మాట్లాడావా? కొత్త పెళ్లికూతురివని చూసీ చూడనట్టు ఊరుకుంటే నెత్తికెక్కుతున్నావే! సెలవెవరిచ్చారు నీకు?"

"మీరే ఇవ్వాలి మేడమ్."

"ఇవ్వకపోతే?"

"వెళ్లొచ్చాక తీసేయండి. వెళ్లకుండా మాత్రం ఆపకండి."

చెవులమ్మ అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది.

"చివర్లో లైను గరగరమంది. నాకేం వినపడలేదు. రేపూ ఎల్లుండీ నీకు జ్వరం. లే, ముందా మొహం మీద నవ్వు తీసెయ్, జ్వరం వచ్చినవాళ్లు అలా ఉండరు."

నాలుగింటికి ఆమె గేటు దాకా పరుగెత్తింది. భర్త కళ్లజోళ్ల దుకాణం నుంచి వచ్చి వేరుశనగల పొట్లంతో నిలబడి ఉన్నాడు. సగం ఆమె వచ్చేలోపే తినేశాడు. మామూలుగా అయితే దానిమీద పావుగంట గొడవ జరిగేది. ఇవాళ ఆమె కథంతా ఊపిరి తిప్పుకోకుండా చెప్పేసింది. అతని నోట్లో గింజ నోట్లోనే ఉండిపోయింది.

"అయితే ఇప్పుడేం చేద్దామంటారు శ్రీమతి గారూ?"

"ఆరింటి రైలుకు రెండు టికెట్లు తీసుకో," అంది ఆమె అతని చేతిలోంచి పొట్లం లాక్కుంటూ, "పదమూడు గంటల ప్రయాణం, పొద్దున ఏడింటికి దిగుతాం; పుట్టి బుద్ధెరిగాక ఫోన్లో తప్ప ఆ ఊళ్లో నేను అడుగైనా పెట్టలేదు కదా, దిగగానే ఎవర్నైనా పట్టుకుని గడియార స్తంభానికి దారెటో అడగాలి."