రెండో మెంటర్

"రెండో మెంటర్ దొరక్కపోతే ఆ ఐడియా తీసేద్దాం వదినా. మిగతావి చాలు," అన్నాడు మరిది, లాప్‌టాప్ మీంచి తల ఎత్తకుండానే.

వదిన ఒప్పుకోలేదు. మిగతావి అంటే ఏవని అడిగింది. ఒకటి బటన్ల రంగులు మార్చడం, ఇంకోటి సెట్టింగుల పేజీ సర్దడం. అవి మాత్రమే పంపితే పెళ్ళికూతురు లేకుండా పందిరి వేసినట్టుంటుందని విసుక్కుంది.

పుస్తకాల్ని పైకి చదివి వినిపించే ప్రోగ్రాం అది. వాళ్ళిద్దరూ ఉద్యోగాలు చేసుకుంటూ సెలవురోజుల్లో దాన్ని నడుపుతున్నారు. ఉచితంగా దొరుకుతుంది. దాని కోడ్ ఎవరైనా విప్పి చూడొచ్చు, బాగుచేసి తిరిగి ఇవ్వొచ్చు. చూపు లేనివాళ్ళూ, చూపు మందగించినవాళ్ళూ ఎందరో దాని మీదే ఆధారపడ్డారు. వాడేవాళ్ళు పెరుగుతున్నారు గానీ, బాగుచేసే చేతులే తగ్గిపోయాయి. ఇలాంటి ప్రోగ్రాములకు విద్యార్థుల్ని జతచేసి, వేసవంతా పని నేర్పించే పథకం ఒకటుంది. అందులో చేరాలంటే విద్యార్థులు చేయదగ్గ పనులేమిటో ఐడియాలు రాసి పంపాలి. ఒక్కో ఐడియాకీ నేర్పేవాళ్ళు, అంటే మెంటర్లు, ఇద్దరుండాలి. కిందటేడు అరకొరగా రాసి పంపితే తిప్పికొట్టారు. ఈసారి గడువు ఆ సాయంత్రంతో సరి.

పక్కగదిలో అత్తగారు అదే ప్రోగ్రాం పెట్టుకుని నవల వింటోంది. "డా చుక్క గారు రెండు కి చుక్క మీ చుక్క నడిచి వచ్చారు," అని చదివింది అందులోని గొంతు.

"ఈ డాచుక్క ఎవరమ్మాయ్? ఇందాకట్నుంచీ కథంతా వీడే తిరుగుతున్నాడు," అని ఆవిడ అక్కణ్ణించే అడిగింది.

"విన్నావుగా. డాచుక్క డాక్టరయ్యేదాకా ఆ ఐడియా తీసేది లేదు," అంది వదిన.

ఆ ఐడియా సంగతే అది. 'డా.', 'కి.మీ.' లాంటి పొట్టి మాటల్నీ అంకెల్నీ సందర్భం చూసుకుని చదవడం ప్రోగ్రాంకి నేర్పాలి. దానికి పునాది వేసింది 'పిచ్చుక'. ఆ మారుపేరు తప్ప ఆ మనిషి గురించి వీళ్ళకేమీ తెలియదు. ఎక్కడో కూర్చుని చడీచప్పుడు లేకుండా కోడ్ పంపుతుంటుంది. ఎదుటివాళ్ళ తప్పుల్ని మనసు నొప్పించకుండా దిద్దుతుంది. రిటైరైన ప్రొఫెసరై ఉంటారని మరిది నమ్మకం. ఏదో పెద్ద కంపెనీలో పనిచేస్తూ పేరు దాచుకుంటున్నారని వదిన అనుమానం. ఎవరైతేనేం, ఆ ఐడియాకి వదినతోపాటు రెండో మెంటర్‌గా ఉండమని వారంగా బతిమాలుతుంటే, కుదరదు, క్షమించండి అని తప్ప జవాబు లేదు. కారణం మాత్రం చెప్పలేదు.

"పోనీ నువ్వుండు," అంది వదిన.

తనకా కోడ్ తలాతోకా తెలియదన్నాడు మరిది. రేపు స్టూడెంటు సందేహం అడిగితే నీళ్ళు నమలాల్సి వస్తుందన్నాడు.

వదిన ఇక లాభం లేదనుకుని, ఒక్కసారి ఫోన్లో మాట్లాడతాను, నంబరివ్వమని పిచ్చుకకి మెసేజ్ పెట్టింది. కాసేపటికి నంబరొచ్చింది. ఫోన్ చేసి స్పీకర్ పెట్టింది. అవతల నిదానమైన ఆడగొంతు, వెనక వాషింగ్ మెషీన్ తిరుగుతున్న చప్పుడు. మరిది ప్రొఫెసరమ్మే అన్నట్టు కనుబొమలెగరేశాడు.

వదిన తన గోడంతా చెప్పుకుంది. ఆవిడ అడ్డు రాకుండా విన్నది.

"మెంటర్‌గా నా పేరు మాత్రం వద్దండీ. అలాగని ఆ ఐడియా తీసేయకండి. మీ మరిదిగారికి కోడ్ తెలియకపోవడమే ఇబ్బందయితే, ఇప్పుడే చెబుతాను," అంది.

మరిది గొణుక్కుంటూనే కుర్చీ లాక్కున్నాడు. ఆవిడ పాఠం చెప్పలేదు, ప్రశ్నలడిగింది. చుక్క చూడగానే వాక్యం అయిపోయిందని అనుకుంటారా అని అడిగింది. అన్నిసార్లూ కాదన్నాడు. మరి 'డా' పక్కన చుక్క చూస్తే ఎందుకు ఆగరని అడిగింది. వెనకాల మనిషి పేరో 'గారు' అన్న మాటో ఉంటుంది కాబట్టి అన్నాడు.

"అంతే కదండీ. మీకు తెలిసిన ఆ సంగతే దానికీ చెప్పండి," అంది.

అతను ఆ సంగతే కోడ్‌లో రాశాడు. మొదటిసారి తప్పాడు. తప్పు ఎక్కడుందో ఆవిడ చెప్పలేదు, అతనే పట్టుకునేదాకా ఆగింది. చివరికి లాప్‌టాప్‌లోని గొంతు "డాక్టర్ గారు రెండు కి చుక్క మీ చుక్క నడిచి వచ్చారు" అని చదివేసరికి, మరిది కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. పక్కగదిలోంచి అత్తగారు, అమ్మయ్య, డాక్టరొచ్చాడా అంది. ఇంకా ఇలాంటి మాటలు కొల్లలుగా ఉన్నాయనీ, వేసవంతా చేసినా తరగవనీ ఫోన్లో పిచ్చుక నవ్వింది.

దరఖాస్తులో రెండో మెంటర్ దగ్గర మరిది ఎవరూ చెప్పకుండానే తన పేరు టైపు చేశాడు. వెలుతురుండగానే పంపించేశారు. అందిందని జవాబు కూడా వచ్చింది. ఇన్నాళ్ళూ ఆ కోడ్ పేరెత్తితే మొహం చాటేసినవాడు, స్టూడెంటుకి మొదటిరోజు ఏం చెప్పాలో అప్పుడే ఆలోచించడం మొదలుపెట్టాడు.

పిచ్చుక ఇంకా లైన్లోనే ఉంది. ఫోన్ పెట్టేసేముందు వదినకి మనసాగలేదు.

"ఇంత చక్కగా నేర్పుతారు, మరి మెంటర్‌గా ఎందుకు కుదరదన్నారండీ? మావల్ల ఏమైనా పొరపాటు జరిగిందా?"

అవతల ఆవిడ వాషింగ్ మెషీన్ ఆపేసింది.

"అయ్యో, అదేం లేదండీ. ముందే చెబితే మొహమాటానికి పోతారని చెప్పలేదు," అంది ఆవిడ. "మా చిన్నదాని చదువు ఒడ్డున పడింది కదాని, ఈ ఏడే నేనూ కాలేజీలో చేరాను. ఈ పథకంలో మెంటర్లని స్టూడెంట్లుగా దరఖాస్తు పెట్టుకోనివ్వరట. మరి నాకేమో మీ మరిదిగారి దగ్గర స్టూడెంటుగా చేరాలని ఉంది."