శామ్యూల్ చేసిన బండి

నా రాతలో తప్పులుంటే దిద్దుకుని చదవండి. మా ఆయన పోయాక, ఏభై దాటిన వయసులో పలక పట్టినదాన్ని. చెయ్యి ఇప్పటికీ నిదానమే. కథ కూడా నిదానంగా నడిస్తే విసుక్కోకండి.

"లాగడం లేదండి," అంది హన్నమ్మ, స్టీరింగు గట్టిగా పట్టుకుని.

"గేరు తగ్గించు."

"ఇంకేం తగ్గించనండి? ఇదే మొదటి గేరు."

పక్క సీట్లోంచి ఆమె భర్త విశ్వాసం కిటికీలోంచి తల బయటికి పెట్టి చూశాడు. ఒక పక్క మంచుగోడ, ఒక పక్క లోయ. కలిదిండిలో చేపల చెరువుల గట్ల మీద ఎంత బురదనైనా చీల్చుకుపోయే బండి, ఈ హిమాలయాల రోడ్డు మీద చంటిపిల్లాడిలా పాకుతోంది.

అది వాళ్ళ కొడుకు శామ్యూల్ చేసిన బండి. తాడేపల్లిగూడెంలో ఇంజనీరింగు చదివే రోజుల్లో సెలవులకి ఇంటికి రావడం, చేపల పెట్టెలు మోసే పాత పికప్ కిందికి దూరడం. ఎత్తు టైర్లు వేశాడు. ముందు ఇనప బంపరు కట్టాడు. కొల్లేటి నీళ్ళు ఇంజిన్లోకి పోకుండా గాలిగొట్టాన్ని టాపు మీదికి ఎత్తాడు. స్పానర్లు అందించింది విశ్వాసమే. చదువయ్యాక శామ్యూల్‌కి ఈ కొండల్లోనే రోడ్డు వేసే పని దొరికింది. మూడేళ్ళ కిందట మంచుచరియ విరిగిపడి, పనివాళ్ళతో పాటు పోయాడు. పైన కనుమ దగ్గర ఒక రాయి నిలబెట్టి వాళ్ళ పేర్లు చెక్కారు. ఆ రాయి దాకా వాడి బండిలోనే వెళ్ళాలని విశ్వాసం పంతం.

విశ్వాసం గుండెకి స్టెంట్ వేసినప్పుడు ఏలూరు డాక్టరు స్టీరింగు ముట్టుకోవద్దన్నాడు. దాంతో హన్నమ్మ డ్రైవింగు నేర్చుకుంది. విశ్వాసం అన్నగారి అబ్బాయి జయంత్ తన జీపులో ముందు దారి చూపిస్తుంటే, ఇంత దూరం ఆవిడే నడుపుకొచ్చింది.

నిన్న సాయంత్రం కింద క్యాంపులో డాక్టరు విశ్వాసం వేలికి ఒంట్లో ఆక్సిజన్ కొలిచే క్లిప్పు పెట్టి చూసి తల అడ్డంగా ఊపాడు. ఆయన హిందీలో చెప్పింది జయంత్ తెలుగులో చెప్పాడు.

"ఇంక పైకి వెళ్తే నీ గుండె తట్టుకోదంట బాబాయ్. ఇక్కడితో ఆగిపొమ్మంటున్నారు."

"ఇంతదూరం వచ్చి రాయి చూడకుండా దిగిపోతే తట్టుకుంటదా? అది కూడా అడుగు."

హన్నమ్మ మాత్రం ఏమీ అనలేదు. ఏమన్నా లాభం లేదని ముప్పై నాలుగేళ్ళ కాపురం ఆవిడకి నేర్పింది. పొద్దున్నే లేచి, అద్దం మీది మంచు గీకి, బండి స్టార్టు చేసింది.

"ఆపు, చూద్దాం," అని ఇప్పుడు, ఈ మంచు రోడ్డు మీద, విశ్వాసం దిగాడు. బానెట్ దాకా నాలుగడుగులు వేసేసరికే రొప్పొచ్చింది. బంపరు పట్టుకుని నిలబడిపోయాడు.

"మీరు కూర్చోండి."

"నా ఊపిరి సంగతి కాదు, దీని ఊపిరి సంగతి చూడు. మబ్బు పట్టిన తెల్లారి మన చెరువులో చేపలు గాలి చాలక పైకొచ్చి నోళ్ళు తెరుస్తాయే, అలా ఉంది దీని పని. ఇక్కడ గాలి పల్చన. గాలి లేందే డీజిల్ మండదు. పవరు సగానికి సగం పోద్ది."

"చేపలకైతే నీళ్ళకి గాలి పట్టించే ఏరేటర్లు తిప్పుతాం. దీనికేం తిప్పుతామండి?"

"బరువు తగ్గిద్దాం."

స్టెప్నీ, నీళ్ళ క్యాన్లు, పనిముట్ల పెట్టె, అన్నీ హన్నమ్మే దించి రోడ్డు వార పెట్టింది. ఆయన్ని చెయ్యి వెయ్యనివ్వలేదు. మళ్ళీ ఎక్కారు. బండి ఒక మలుపు తిరిగి, మళ్ళీ నీరసపడింది.

"న్యూట్రల్లో పెట్టి రేజ్ చెయ్యి."

ఇంజిన్ మూలిగింది. విశ్వాసం వెనక్కి తిరిగి చూశాడు.

"గాలి చాలకపోతే నల్లపొగ కక్కాలి గదా. అది కూడా రావడం లేదేంటి? నీ డ్రైవింగులోనే ఉందా లోపం?"

"కలిదిండి నించి ఇక్కడిదాకా ఎవరు తెచ్చారండి దీన్ని?"



డీజిల్ పట్టించడానికి ఆగిపోయిన జయంత్ అప్పుడు వెనకనించి వచ్చాడు. వాడి జీపు నల్లపొగ చిమ్ముకుంటూ వచ్చి పక్కన ఆగింది.

"నా బండెక్కు బాబాయ్. గంటలో పైనుంటాం."

"వద్దురా. శామ్యూల్ చేతులు పడ్డ బండి ఇది. వెళ్తే దీంట్లోనే."

హన్నమ్మ చేతిసంచి తెరిచి, కొవ్వొత్తుల పొట్లం తీసి జయంత్‌కి ఇచ్చింది.

"ముందు నువ్వెళ్ళు బాబూ. గాలికి ఆరిపోతే మళ్ళీ వెలిగించు. వాడి పేరు మీద ఒకసారి చెయ్యేసి రా."

"మీరూ వస్తారుగా పిన్నీ."

"బండి లాగితే వస్తాం."

జీపు కనుమరుగైంది. విశ్వాసం మళ్ళీ ఎక్కించమన్నాడు. మళ్ళీ. ఇంకోసారి. పెదాలు నీలంగా మారుతున్నా, చేత్తో డ్యాష్‌బోర్డుని తోస్తూనే ఉన్నాడు, తోస్తే కదులుతుందన్నట్టు.

"ఏవండీ, ఇంజిన్ వేడెక్కి పోతోందండి," అంది హన్నమ్మ. "ఇంకా ఎక్కిస్తే పట్టేస్తుందేమో. మన బాబు చేతులు పడ్డ ఇంజిన్. మన చేతుల్తో మనమే చంపుకుందామా?"

విశ్వాసం కనుమ వైపు చూశాడు. డ్యాష్‌బోర్డు మీద అరచెయ్యి ఆనించి, "చాల్లేరా, శ్రమపడ్డావు," అన్నాడు బండితో. తర్వాత భార్య వైపు చూడకుండానే అన్నాడు.

"తిప్పు, హన్నా."

ఆవిడ బండి తిప్పింది. రోడ్డు వార పెట్టిన సామాను ఎక్కించుకుని, మలుపు వెంట మలుపు దిగుతుంటే ఆయన ఊపిరి కొంచెం కొంచెంగా కుదుటపడింది. క్యాంపు గుడారాలు కనపడేసరికి సీటుకి తల ఆనించి నిద్రపోయాడు. అప్పుడు హన్నమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

కొండెక్కినంతసేపూ ఆవిడ యాక్సిలరేటరుని సగానికి మించి తొక్కనే లేదు.

— సూరమ్మ, అరవై నాలుగేళ్ళు, ఇప్పుడు ఉంటున్నది ఏలూరులో