ఆఖరి సీనులో తప్పు

"ఆపు! ముందా టీవీ ఆపు!"

గురవమ్మ లేచి టీవీకి అడ్డంగా నిలబడింది. తుపాను షెల్టరులో నేల మీద కూర్చుని సినిమా చూస్తున్న ఊరి జనం మెడలు చాచి చూశారు. డైరెక్టరు నరేంద్రబాబు గబగబా వెళ్లి లాప్‌టాప్ మూశాడు. విడుదలకు ముందు ఊరివాళ్లకు చూపిస్తానన్న మాట ఎందుకిచ్చానా అని అప్పుడే అనిపించిందతనికి.

"ఏమైందక్కా?"

"ఏమైందా? నా మొగుడు పెంచలయ్య సముద్రంలో పోయినాడని నీకు చెప్పినానా లేదా? నా కథ ఉన్నదున్నట్టు తీస్తానని చేతిలో చెయ్యేసి చెప్పినావే! చచ్చినోణ్ణి లేపి, ఏదో ఊళ్లో ఇంకోదాని పక్కన నిలబెడతావా? పైగా ఆయన భుజమ్మీద ఒక మగబిడ్డ!"

మొగుడు పోయిన నాడు ఆమెకు సముద్రం మీద కూడా ఇంత కోపం రాలేదు. సముద్రం ఆమెకు మాటివ్వలేదు. ఇతను ఇచ్చాడు.

నరేంద్రబాబు సినిమావాళ్ల ధోరణిలో పాఠం ఎత్తుకున్నాడు. "అక్కా, తుపానులో మనిషి పోతే అది తుపాను కథ అవుతుంది. మనిషి చేసిన పని ఉంటేనే మనిషి కథ. చూసేవాళ్లు రెండు గంటలు నీతో పాటు ఒడ్డున కూర్చుని ఎదురుచూశారు. చివర్లో సముద్రం మింగేసిందంటే అయ్యో అనుకుని లేచిపోతారు. మొగుడే మోసం చేశాడంటే? కుర్చీలోంచి లేవలేరు."

"వాళ్లు లేస్తే నాకేంది, లేవకపోతే నాకేంది? గురవమ్మ మొగుడు ఎవతెతోనో లేచిపోయినాడంట అని రేపు లోకమంతా అనుకోదా? నేను నలుగురిలో తలెత్తుకుని తిరగొద్దా?"

ఊరి పెద్దకాపు హజరత్తయ్య చెయ్యెత్తాడు. "అబ్బయా, ఈ సంగతి నీకెవరన్నా చెప్పినారా?"

"లేదండీ, ఒట్టు. పూర్తిగా నా కల్పన. నా బుర్రలో పుట్టిన సీను."

"అయితే తీసెయ్. తియ్యకపోతే దురాయి పెడతాం. మిగిలిన షూటింగుకి నీకీ రేవులో పడవ కాదు గదా, తెడ్డు కూడా దొరకదు."

దురాయి అంటే ఊరి కట్టు. ఊరిపెద్దలైన కాపులు పెట్టాక దాన్ని దాటినవాడు ఆ తీరంలో లేడు. నరేంద్రబాబుకీ ఆ సంగతి తెలుసు. అయినా కళాకారుడి పౌరుషం ఊరుకోదు కదా.

"ఆ ఒక్క సీనుకోసం నిద్రాహారాలు మానేశానండీ. ఊరికే తీసెయ్యమంటే ఎలా? అందులో ఒక్క తప్పు, ఒక్కటంటే ఒక్కటి చూపించండి. ఇక్కడే తీసేస్తాను!"

జనమంతా ముత్యాలయ్య వైపు తిరిగారు. పెంచలయ్యకు సొంత అన్న. ఆ రోజు తమ్ముడితో పాటు పడవలో వెళ్లి, ఒక్కడే తిరిగొచ్చి, వాడు కళ్లముందే మునిగిపోయాడని గుండెలు బాదుకున్నవాడు. అది అలా ఉంచితే, ఊళ్లో ఏ సినిమా వేసినా తప్పులు ఏరందే లేవని మనిషి. చేప పులుసులో ముల్లు దొరికినా అంత సంబరపడడు, సినిమాలో తప్పు దొరికితే పడినంత.

"బావా, నువ్వు చెప్పు," అంది గురవమ్మ. "నీ తమ్ముడి పరువు."

ముత్యాలయ్య కాసేపు నసిగాడు. "మనకెందుకులే గురవమ్మా, సినిమా గదా..."

"చూశారా? ఆయనకే తప్పు దొరకలేదు!" అన్నాడు నరేంద్రబాబు.

ఆ మాటతో ముత్యాలయ్య తోక తొక్కినట్టయింది. తువ్వాలు దులుపుకుని లేచాడు.

"తప్పులు లేవా? చెప్పులేసుకుని పడవెక్కేవోడు యాడన్నా ఉండాడా? తెల్లారిగట్ల గాలి సముద్రం మీంచి ఒడ్డుకి కొడతాదా? వల విసరమంటే దుప్పటి దులిపినట్టు దులిపినాడు నీ హీరో!"

జనం ఘొల్లుమన్నారు.

"అవన్నీ ముందు సీన్లు," అన్నాడు నరేంద్రబాబు పట్టు వదలకుండా. "నేనడిగింది ఆఖరి సీను."

గురవమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంది. ఎవరు మోసం చేసినా తన తరఫున నిలబడడానికి బావ ఉన్నాడు. అది చాలనిపించింది.

"చెప్పు బావా. అది అబద్ధమని ఆయన మొహానే చెప్పు."

"అబద్ధమే!" ముత్యాలయ్య రోషంగా టీవీ వైపు వేలు చూపించాడు. "అక్కడ కాశిమేడులో మా తమ్ముడికి మగబిడ్డ యాడుండాడయ్యా? ఇద్దరూ ఆడబిడ్డలైతే!"