రెండో జవాబు

కిటికీ అవతల ఎవరో ముసలాయన మళ్ళీ నవ్వాడు.

మార్కండేయ సారు చేతిలో సుద్దముక్క ఒక్క క్షణం ఆగింది.

క్లాసు వెనక కుర్చీలో, బడి తనిఖీకి వచ్చిన కొత్త ఇన్‌స్పెక్టర్ సాబ్ కూర్చుని ఉన్నాడు. నిజామాబాద్‌లో లెక్కలంటే మార్కండేయ సారే అన్న పేరు ఈ పూట నిలబడాలి.

బోర్డు మీద ఒక చెరకు మడి. పొడవు, వెడల్పు కన్నా మూడు గజాలు ఎక్కువ. విస్తీర్ణం నలభై చదరపు గజాలు. మరి వెడల్పెంత?

వర్గ సమీకరణం కదా, రెండు జవాబులు తేలాయి. ఒకటి అయిదు. రెండోది మైనస్ ఎనిమిది.

అంతవరకు ఉర్దూలో సాగిన పాఠం ఇక్కడికి రాగానే తెలుగులోకి దిగింది.

"మైనస్ ఎనిమిది గజాల మడి ఎక్కడన్న ఉంటదా?"

పిల్లలు నవ్వారు.

"గని దాన్ని ఎల్లగొట్టకుండ్రి. మైనస్ తీసి సూడుండ్రి. ఎనిమిది. గదే మడి పొడవు! వెడల్పును పిలిస్తే పొడవు గూడ ఎంట వచ్చింది."

"సారూ!" ముసలాయన కిటికీ ఊచలు పట్టుకున్నాడు. "గా మాట ఇంకొక్కపారి సెప్పుండ్రి."

క్లాసంతా అటు తిరిగింది. ఇన్‌స్పెక్టర్ కూడా తిరిగాడు.

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టయింది సారు పని. ఎందుకంటే ఆ మాట సారుది కాదు.

దశరథం అనే పిల్లవాడిది. నిరుడు ఇదే గదిలో లేచి, ఇదే తెలుగులో చెప్పాడు. "నాకే నేర్పుతవారా?" అని సారు వాణ్ని ఎండలో నిలబెట్టాడు. ఇంటికెళ్ళి లెక్క వేసుకుంటే పిల్లవాడన్నదే నిజం. వారం తిరక్కముందే అప్పటి ఇన్‌స్పెక్టర్ ముందు ఆ మాట తనదిగా చెప్పి షాబాష్ అనిపించుకున్నాడు. దశరథం వెనక బెంచీలోంచి చూస్తూ ఊరుకున్నాడు.

ఆ తర్వాత కొన్నాళ్ళకు వాడు బడికి రావడం మానేశాడు. ఎందుకని సారు అడగలేదు. ఏ మొహం పెట్టుకుని అడుగుతాడు?

"ఎవడ్రా నువ్వు? నర్సింలూ! గీ బిచ్చపోన్ని గేటు దాటియ్యి!" కిటికీ వైపు అరిచాడు సారు.

చప్రాసీ నర్సింలు వచ్చి ముసలాయన రెక్క పట్టుకున్నాడు.

"పోత బిడ్డా, గుంజకు. ఇన్న గద, సాలు." ముసలాయన క్లాసు వైపు తిరిగి దండం పెట్టి కదిలాడు.

ఇన్‌స్పెక్టర్ ముచ్చటపడ్డాడు. "ఏ కితాబులోది మాస్టర్ ఈ ఉపాయం?"

"ఏ కితాబులోదీ కాదు హుజూర్. నా సొంతం."

బడి వదిలాక నర్సింలు చిన్న మూట తెచ్చి బల్ల మీద పెట్టాడు. విప్పితే కొత్త బెల్లం వాసన గదంతా కొట్టింది.

"ఎవరిచ్చిండ్రు?"

"మీరు ఎల్లగొట్టిన్రు గద, గా ముసలాయననే. బోధన్ దిక్కు నుంచి తెల్లారంగ బండి కట్టుకొని వచ్చిండు."

"నాకెందుకు?"

"మీ పాఠం ఇనాలన్నడు. పెద్దసార్లు వచ్చినప్పుడల్ల మీరు గదే లెక్క సెప్తరు గద, అందుకే నేనే ఇయ్యాల రమ్మన్న."

చప్రాసీకి కూడా తెలిసిపోయిన తన గొప్పతనం! సారుకు తల కొట్టేసినట్టయింది.

"ఏమన్న ఫిర్యాదు చేసిండా నా మీద?"

"ఫిర్యాదేంది సార్? గా మాట పొల్లు పోకుండ మీ నోట ఇన్నడట. కడుపు నిండిందన్నడు. ఏడ్సుకుంట నవ్విండు."

మార్కండేయ సారు గేటు దాకా ఉరికాడు. బోధన్ సడక్ మీద బండి కనిపించలేదు. ఎదురుగా వచ్చిన పిల్లలు నమస్తే పెడితే తీసుకోవడానికి చెయ్యి లేవలేదు.

వెనకాలే వచ్చి నిలబడ్డాడు నర్సింలు.

"ఎవరు నర్సింలూ ఆయన?" అడిగాడు సారు, తల ఎత్తకుండానే.

"దశరథం వాళ్ళ బాపు పోశన్న సార్. పిల్లగాడు మొన్న వానకాలం జరంతోని సచ్చిపోయిండు, 'నా మాటనే సారు అందరికి సెప్తుండు బాపూ' అని ఆఖరిదాక మురిసిండట, గా కొడుకు మాట ఒక్కపారి ఇని పోదమని వచ్చిండు."