రింగు లేని పిట్ట

పిట్టల సంఖ్యను అంచనా కట్టే శాస్త్రవేత్తగా ఆయనకు అది చివరి రోజు. ముప్పై ఏళ్లలో మొదటిసారి భార్య కూడా వెంట వచ్చి, రెల్లు పొదల పక్కన పీట వేసుకుని కూర్చుంది.

వలలో తొమ్మిది పిట్టలు పడ్డాయి. ఆయన ఒక్కొక్కదాన్నీ గుప్పిట్లో పట్టుకుంటే, దాని కాలికున్న రింగు మీది నంబరు ఆమె చదివింది.

“దీనికీ ఉందండోయ్ రింగు. నా సవతులు ఒక్కరూ మిమ్మల్ని మరిచిపోలేదు.”

ఆయన నవ్వలేదు. “రింగు లేనిది ఒక్కటీ లేదా? సరిగ్గా చూడు.”

“కళ్లజోడు పెట్టుకునే చూస్తున్నాను. అన్నీ మీరు తొడిగినవే. వారం నుంచీ మీ పుస్తకంలో ఇవే నంబర్లు. ఇంత నమ్మకంగా తిరిగొస్తుంటే మీరింక ఇంటిపట్టున ఎందుకుంటారు?”

ఆయన కొత్త రింగుల డబ్బాకు మూత పెట్టాడు. తొలి రోజుల్లో వంద పిట్టలు పడితే నాలుగింటికే ఆయన అంతకుముందు పట్టి తొడిగి వదిలిన రింగులుండేవి. మిగతావన్నీ కొత్తవి. కొత్తవి ఎంత ఎక్కువ పడితే, వలకు చిక్కనివి అంత ఎక్కువ ఉన్నట్టు. ఆయన బతుకంతా ఆ చిక్కనివాటి లెక్కే.

“మరి ఈసారి మొత్తం ఎన్నని రాస్తారు?” అంటూ ఆమె పెన్ను అందించింది.

చివరి పిట్ట గుండె ఆయన గుప్పిట్లో కొట్టుకుంటోంది. వేళ్లు విప్పబుద్ధి కాలేదు.

“నువ్వు చదివినన్నే,” అన్నాడు.