అడవిపిల్ల సంతకం

ఆ ఉదయం బొమ్మలత్తకు కాలు ఒకచోట నిలవలేదు.

బొమ్మల ప్రదర్శనకు అసలు అడవిపిల్ల ఆవిడే వస్తోంది మరి. చిన్నప్పుడు ఆవిడ ముఖం చూసే ‘అడవిపిల్ల’ బొమ్మకు అచ్చు తీశారు. పాతికేళ్ళుగా ఆ బొమ్మను కంటికి రెప్పలా కాపాడుకుంటోంది బొమ్మలత్త. దాని పాదం మీద ఆవిడ సంతకం ఒక్కటి పడితే జన్మ ధన్యమైనట్టే.

కుట్టుమిషనుకు సెలవిచ్చి, అందరికంటే ముందొచ్చి, బొమ్మను ఒళ్ళో పెట్టుకుని మొదటి వరుసలో కుర్చీ పట్టింది. చూపు మాత్రం గుమ్మం మీదే.

పక్క కుర్చీలో కళ్ళద్దాల మనిషి ఒకావిడ, ఒళ్ళో తడి గొడుగు పెట్టుకుని కూర్చుంది. బొమ్మను ఒకసారి ఇస్తారా అని అడిగింది.

“దూరం నుంచి చూడమ్మా. చెమట తగిలితే రంగు పోతుంది.”

దూరం నుంచే చూసింది. చాలాసేపు చూసింది.

“తలకి ఈ ఈకలెందుకక్కా?”

“అడవి మనుషులు కదా. నీలాగా నాలాగా ఉంటే ఎవరైనా పోల్చుకుంటారా?”

“పాపం, ఎంత దురద పెట్టిందో” అని నవ్విందామె.

బొమ్మలత్తకు ఒళ్ళు మండింది. బొమ్మల్లో ఓనమాలు తెలియని మనిషితో మాటలేమిటని మొహం తిప్పుకుంది.

అంతలో గుమ్మం దగ్గర కలకలం. ఈకల కిరీటం, మెడనిండా పూసలు, చెంపల మీద రంగు చారలు.

“వచ్చేసింది. కాస్త నా కుర్చీ చూస్తుండమ్మా.”

జనాన్ని తోసుకుంటూ పరుగెత్తింది. బొమ్మను ముందుకు చాపింది. కిరీటం పిల్ల ఎందుకని కూడా అడగకుండా బొమ్మ పాదం మీద సంతకం గీకేసింది. ఆ పిల్లకు ఇరవై నిండినట్టు లేవు. సంబరంలో బొమ్మలత్తకు ఆ లెక్క తట్టనేలేదు.

ఏనుగెక్కినంత సంతోషంగా తిరిగొచ్చింది. కళ్ళద్దాలావిడ లేదు. ప్రదర్శన నిర్వాహకుడు బొమ్మలత్త కుర్చీ పట్టుకుని నిలబడి ఉన్నాడు. పాదం చూపిస్తే తల పట్టుకున్నాడు.

“ఆ ఈకల పిల్ల కరపత్రాలు పంచడానికి మేం పెట్టుకున్న అమ్మాయండీ.”

“మరి ఆవిడ రాలేదా?”

ఎప్పుడో వచ్చారన్నాడు. ఈకలు పెట్టుకుని వేదికెక్కమంటే ఒప్పుకోలేదట. అందరి మధ్యా కూర్చుంటాను, గుర్తుపట్టినవాళ్ళకి సంతకం చేస్తాను అన్నారట. ఇంతసేపూ చూసి, ఇప్పుడే బస్సుకు వెళ్ళిపోయారట.

“ఎక్కడ కూర్చున్నారు?” బొమ్మలత్త గుమ్మం వైపు తిరిగింది.

“అదేంటండీ, ఎవరికీ ఇవ్వొద్దని మీ కుర్చీ నాకు అప్పజెప్పి మరీ వెళ్ళారు కదా.”